యోసేపన్న ఇంటి రూలు

కోరుట్ల యోసేపన్న ఇక లేడన్న వార్త జవాబు పత్రాలు దిద్దుతుండగా నాకు అందింది. ఫోన్ చేసింది సిరిసిల్ల సత్తయ్య. ముందు ఆరోగ్యం అడిగి, ఆ తర్వాత వానల సంగతి అడిగి, చివరికి గాని అసలు విషయానికి రాని మనిషి ఆ రోజు నేరుగా “మేడం, యోసేపు పోయిండు” అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని నిజంగానే అడిగాను. “పొద్దుగాల బియ్యం కడుక్కుంట గక్కడనే కూలవడ్డడట. దవాఖానకు తీస్కపోయేదాక కూడ ఆగలేదట” అన్నాడు. నా చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉండిపోయింది. ఏ పత్రానికి ఎన్ని మార్కులు వేశానో తెలియక, మరునాడు ఆ కట్టంతా మళ్ళీ మొదటి నుంచి దిద్దుకోవలసి వచ్చింది.

జగిత్యాల నుంచి కోరుట్లకు గంట కూడా పట్టని ప్రయాణం. ఆ కాస్త దూరాన్ని నేను పద్నాలుగు ఆదివారాలుగా దాటలేకపోయాను. ఆ రోజు మాత్రం దొరికిన మొదటి బస్సు ఎక్కి, సీటు లేకున్నా కడ్డీ పట్టుకుని నిలబడి వెళ్ళాను. వెళ్ళేసరికి మెస్సు ముందు టెంటు వేసి ఉంది. రోజూ అక్కడ భోజనం చేసే లారీ డ్రైవర్లు, మెడికల్ షాపు పిల్లలు, పాత బట్టలు కుట్టే ముసలాయన, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. యోసేపన్న భార్య మరియక్క ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. ఆ చోట కూర్చునే అర్హత నాకు లేదని ఆమెకు అప్పుడు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

యోసేపన్నను కోరుట్లలో చాలామంది బస్టాండు వెనుక మెస్సు నడిపిన మనిషిగా ఎరుగుదురు. ఆయన మా పెగడపల్లి వాడని తక్కువ మందికి తెలుసు. మా తాతలు ఆ ఊళ్ళో భూములున్న పటేళ్ళు. ఆయన తల్లి మా పొలాల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, మా పశువుల కొట్టం ఊడ్చింది. మా ఇంటి లోపలి గడప మాత్రం ఆమె ఏనాడూ దాటలేదు. ఆమెకు గుంటెడు భూమి లేదు. కొడుకును పదో తరగతి దాకా చదివించింది, ఆపైన చేతకాలేదు. చేతకాని చోట యోసేపన్న అందరిలాగే పాస్‌పోర్టు తీసుకుని గల్ఫ్ విమానం ఎక్కాడు. ఈ జిల్లాలో ఆ కథ ఇంటికొకటి ఉంటుంది కనుక వివరించను. ఆయన కథలో తేడా ఒక్కటే. ఆయన వెళ్ళిన క్యాంపులో జపాను ఇంజనీర్లు ఉండేవారు. ఆయన వాళ్ళ వంటశాలలో హెల్పరు.

ఆ ఇంజనీర్లు సెలవు రోజైన శుక్రవారం భోజనాలయ్యాక నలుగురు కూర్చుని మాజాంగ్ అనే బిళ్ళల ఆట ఆడేవారట. వాళ్ళకు చాయ్ అందించడం యోసేపన్న పని. అందించి వెళ్ళిపోవచ్చు. ఆయన వెళ్ళేవాడు కాదు. ట్రే పట్టుకుని గోడకు ఆనుకుని చూసేవాడు. వాళ్ళ భాష రాదు, వాళ్ళ అక్షరం తెలియదు, అయినా ఎవరు ఏ బిళ్ళ పడేస్తే ఎవరి ముఖం మారుతుందో చూసుకుంటూ రెండేళ్ళు చూశాడు. ఒక శుక్రవారం వాళ్ళలో ఒకరికి జ్వరం వచ్చింది. ముగ్గురే మిగిలారు. వాళ్ళలో పెద్దవాడు, జుట్టంతా నెరిసిన సూపర్వైజరు, ఖాళీ కుర్చీ చూపించి కూర్చోమని సైగ చేశాడట. “నా బతుకుల పెద్దోళ్ళ ముంగట కుర్సీల కూసున్నది గదే మొదలు మేడం. కాళ్ళు ఏడ పెట్టాల్నో తెల్వలేదు” అని నవ్వేవాడు యోసేపన్న. ఆ పెద్దాయన పదవీ విరమణ చేసి స్వదేశం వెళ్ళేనాడు తన బిళ్ళల పెట్టెను ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు. అదే క్యాంపులో వెల్డింగు పని చేసిన మన సత్తయ్యకు యోసేపన్న అక్కడే ఆట నేర్పాడు. తిరిగొచ్చాక భార్యకు నేర్పాడు. నాలుగో మనిషి కోసం చాలా కాలం ఎదురుచూశాడు. ఆ నాలుగో మనిషిని నేను.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. మన రమ్మీకి దూరపు చుట్టం అనుకోండి. పేకముక్కలకు బదులు చేతిలో బరువు తెలిసే గట్టి బిళ్ళలు ఉంటాయి. నలుగురు నాలుగు దిక్కులా కూర్చుంటారు, ఒక్కొక్కరి ముందు పదమూడు బిళ్ళలు నిలబెట్టి ఉంటాయి. ఒకటి తీసుకోవాలి, ఒకటి పడేయాలి. మూడేసి చొప్పున నాలుగు జట్లు, ఒక జంట కుదిరితే గెలుపు. ఇంకొకరు పడేసిన బిళ్ళతో మన చేయి, అంటే మన ముందున్న బిళ్ళల అమరిక, పూర్తయితే “రోన్” అని అరిచి పట్టేయవచ్చు, అప్పుడు నష్టమంతా ఆ పడేసినవాడిదే. అంతే. కాని ఈ అంతే అన్న దాని చుట్టూ చిన్న చిన్న రూళ్ళు చాలా ఉంటాయి. మా కొంప ముంచింది ఆ చిన్న రూళ్ళే.

నేను అప్పట్లో కోరుట్ల జూనియర్ కాలేజీలో గణితం చెప్పేదాన్ని. మధ్యాహ్న భోజనానికి ఆ మెస్సుకు వెళ్ళేదాన్ని. ఎంత రద్దీగా ఉన్నా అక్కడ ఎవరూ నిలబడి తినడానికి లేదు. ఆకలితో ఉన్నవాళ్ళు చేతిలోకే ఇవ్వమని బతిమాలినా యోసేపన్న వినేవాడు కాదు. “జర ఆగు తమ్మీ. కుర్సీ ఖాళీ అయితది. కూసోని తిను” అనేవాడు. ఇలా ఆపితే నలుగురు గిరాకీలు పక్క మెస్సుకు పోతారు కదా అని నేనొకసారి లెక్క చెప్పబోయాను. “పోనియ్యి మేడం. గక్కడ నిలవడి తింటరు” అన్నాడు. అదేదో పట్టుదల అనుకున్నాను. ఆయన ఎవరి కొడుకో, ఆయన తల్లి మా వాకిట్లో ఎక్కడ నిలబడి గంజి తాగేదో తెలిసిన నేను, రోజూ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని తింటూ కూడా, ఆ పట్టుదలకు అర్థం వెతకలేదు.

ఒక ఆదివారం మూడింటికి, మెస్సు మూసే వేళకు, మరచిన గొడుగు కోసం వెళ్ళాను. లోపల టేబులు మీద దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఆ బిళ్ళలు. ముగ్గురు కూర్చుని ఉన్నారు. “మేడం, లెక్కలోళ్ళకు గీ ఆట మస్తు ఒప్పుతది. జర కూసో” అన్నాడు యోసేపన్న. గొడుగు సంగతి మరచిపోయి సాయంత్రం దాకా కూర్చున్నాను. అలా తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. జగిత్యాలకు బదిలీ అయ్యాక కూడా ఆదివారం మధ్యాహ్నం బస్సు తప్పలేదు. సత్తయ్య సిరిసిల్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. మా ఇంట్లో వాళ్ళకు ఇది అర్థమయ్యేది కాదు. వారమంతా పిల్లలకు లెక్కలు చెప్పి, ఆదివారం మెస్సులో చింతగింజలు పెట్టుకుని ఆడటం ఏమిటని మా అక్క మందలించేది.

అవును, చింతగింజలే. గెలుపోటముల లెక్కకు మేము వాడింది అవే. ఎవరో చాడీ చెప్పగా ఒకసారి ఇద్దరు కానిస్టేబుళ్ళు లోపలికి వచ్చారు. పేకాట అనుకున్నారు. టేబులు మీద గింజలు చూసి తికమకపడ్డారు. “ఏం ఆట గిది” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. యోసేపన్న పొంగిపోయాడు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ పోసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు దిక్కుల గుర్తులుండే గాలి బిళ్ళలు, వెదురు బొమ్మలుండే కట్టె బిళ్ళలు, ఏ చేయికి విలువ ఉంటుంది, ఏ చేయికి ఉండదు, తాను ముందే పడేసిన రకం బిళ్ళను ఇంకొకరు పడేస్తే దాని మీద గెలవడం ఎందుకు కుదరదు, అన్నీ. అరగంటకు కానిస్టేబులు లేచి నిలబడి, “పైసల కోసం అయితే ఇంత పరేషాన్ ఎవ్వడు పడడు తియ్యి” అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన ఇంకాసేపు కూర్చుని ఉంటే ఐదో మనిషి అయ్యేవాడని యోసేపన్న చాలా రోజులు బాధపడ్డాడు.

ఆటకు ముందు ఆయనకొక ఆచారం ఉండేది. నలుగురం కూర్చున్నాక, బిళ్ళలు కలపక ముందు, ఆ ఇంటి రూళ్ళు గట్టిగా చెప్పేవాడు. తొమ్మిదేళ్ళుగా అదే నలుగురం, అవే రూళ్ళు, అయినా ప్రతి ఆదివారం చెప్పేవాడు. చెప్పి, ఒక్కొక్కరి ముఖం చూసి, “ఒప్పుకున్నరా?” అని అడిగేవాడు. మేము ఒక్కొక్కరం నోటితో “ఒప్పుకున్న” అనాలి. తల ఊపితే చాలదు. మరియక్క కూడా అనాలి. నాకు నవ్వొచ్చేది. ఒకసారి విసుక్కుంటే చెప్పాడు. “క్యాంపుల గిట్లనే అడుగుతుండిరి మేడం. జపానోళ్ళే, ఒక్క కంపెనోళ్ళే. అయినా కొత్త మనిషి వస్తే ఆట సురువు కాకముందే అన్ని అడుగుతరు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క తీరు ఉంటదట. గెలిచినంక అడిగితే కొట్లాట, ముందుగాల అడిగితే మర్యాద.”

ఆయన రూళ్ళలో ఆయన స్వభావం కనిపించేది. కొన్ని పెట్టెల్లో ఐదు అంకె ఉన్న బిళ్ళలు కొన్ని ఎర్రగా ఉంటాయి, అవి చేతిలో ఉంటే ఉత్తపుణ్యానికి విలువ పెరుగుతుంది. సత్తయ్య అలాంటివి మూడు ఎక్కడి నుంచో సంపాదించి తెచ్చాడు. యోసేపన్న వాటిని చేతిలో తిప్పి చూసి, మెచ్చుకుని, తిరిగి ఇచ్చేశాడు. “చేసినదానికి ఇయ్యాలె గని, దొరికినదానికి ఎందుకు ఇయ్యాలె?” అన్నాడు. చేతికి చెత్త బిళ్ళలు వస్తే మళ్ళీ పంచమని అడిగే వెసులుబాటు కొన్ని ఇళ్ళలో ఉంది, ఆయన ఇంట్లో లేదు. “అచ్చింది ఆడాలె. అందరికి మంచియే రావు గదా.” ఒకటి, తొమ్మిది, గాలులు వంటివి ఏవీ లేకుండా అన్నీ మధ్య అంకెలతో కట్టే తేలిక చేయి ఒకటుంది. ఇతరులు పడేసినవి ఏరుకుని ఆ చేయి కడితే ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు. నా ఆటంతా ఆ చేయి మీదే నడిచేది కనుక ఈ రూలు మీద నాకు మొదటి నుంచీ గుర్రు.

గల్ఫ్ నుంచి వచ్చాక సత్తయ్య చేస్తున్న మగ్గాల పని ఆగిపోయిన కాలంలో ఒక ఆదివారం అతని ముందున్న గింజలన్నీ అయిపోయాయి. చాలా ఇళ్ళలో ఒకరు సున్నా కిందికి పడితే ఆట అక్కడితో ముగుస్తుంది. యోసేపన్న ఇంట్లో ముగియదు. సత్తయ్య కుర్చీ వెనక్కి జరిపి, “నేను పోత, బస్సు టైమయ్యింది” అన్నాడు. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. యోసేపన్న అతని భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టి, “కింద పడ్డోన్ని లేపి పంపుడు మా ఇంట్ల లేదు. ఆట అయ్యేదాక కూసో” అన్నాడు. అతను ఆ రోజు గెలవలేదు. గింజలు అప్పు పెట్టి ఆడాడు, ఇంకా ఓడిపోయాడు, కాని చివరి దాకా కూర్చున్నాడు. మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. ఆ రోజు గనక లేచిపోయి ఉంటే మళ్ళీ కోరుట్ల బస్సు ఎక్కేవాణ్ణి కాదని మొన్న సమాధుల తోట దగ్గర నాతో అన్నాడు.

ఇక నేను చేసిన పని.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం. అప్పటికి కొన్ని నెలలుగా నేను ఫోనులో కూడా ఈ ఆట ఆడుతున్నాను. కొత్తగా నేర్చిన వాళ్ళకుండే తలపొగరు నాకు బాగా పట్టింది. ఆ రోజు నా చేతికి ఒక విచిత్రం వచ్చింది. అన్నింటికీ కొసన ఉండే బిళ్ళలు, ఒకదానితో ఒకటి కలవనివి, పదమూడు రకాలు ఒక్కొక్కటి చొప్పున చేరి, వాటిలో ఒకటి జంటయితే దాన్ని మించిన చేయి లేదు. యోసేపన్న దాన్ని పదమూడు అనాథలు అనేవాడు. తొమ్మిదేళ్ళలో మా నలుగురిలో ఎవరికీ అది పడలేదు. నాకు పన్నెండు రకాలు చేరి, ఒకటి జంట కూడా అయింది. ఇక పచ్చ బిళ్ళ ఒక్కటి వస్తే చాలు. ఆ సంబరం ముఖంలో కనబడకూడదని నీళ్ళ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సత్తయ్య కాసేపు ఆలోచించి పచ్చ బిళ్ళ పడేశాడు.

“రోన్” అన్నాను. అదే క్షణంలో మరియక్క కూడా “రోన్” అంది.

ఆమెది చిన్న చేయి. ఆమె చేతిలో రెండు పచ్చ బిళ్ళలు ఉన్నాయి, మూడోదాని కోసం చూస్తోంది. కాని ఆమె సత్తయ్యకు కుడిపక్కన కూర్చుంది, ఆట వరసలో అతని తర్వాత వచ్చేది ఆమె. నేను ఆమె తర్వాత. ఆ ఇంటి రూలు ప్రకారం ఒక బిళ్ళ మీద ఇద్దరు గెలిస్తే వరసలో దగ్గరున్న ఒక్కరికే చెల్లుతుంది. రెండోవాళ్ళది పోతుంది.

“మరియమ్మదే” అన్నాడు యోసేపన్న. నా బిళ్ళలు చూసి ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. “అయ్యో మేడం, గింత మంచి చేయి” అని నిజంగా బాధపడ్డాడు. మరియక్క తన బిళ్ళలు వెనక్కి తీసుకోబోయింది. “తీయకు. నువ్వు గెలిచినవ్” అన్నాడు ఆమెతో.

నేను ఊరుకోలేదు. ఫోను తీసి చూపించాను. అందులో అయితే ఇద్దరికీ ఇస్తారన్నాను. ఆయన సౌమ్యంగానే చెప్పాడు. “ఫోనోళ్ళ ఇంట్ల గట్ల కావచ్చు మేడం. సత్తయ్య తప్పు ఒక్కటే చేసిండు గదా. ఒక్క తప్పుకు రెండు దెబ్బలు ఎందుకు?” నాకు ఆ మాట చెవికెక్కలేదు. పచ్చ బిళ్ళ ఒక్కటే కనబడుతోంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తగ్గించి రాస్తే మళ్ళీ తప్పు చేసినట్టే.

“నువ్వు ఎక్కడ నేర్చుకున్నవ్ యోసేపన్నా గీ రూళ్ళు? చాయ్ ట్రే పట్టుకొని నిలవడి చూసి నేర్చుకున్నవ్. సగం చూసినవ్, సగం నువ్వే అల్లినవ్. మేమేమో గిదే జపాను ఆట అనుకొని తొమ్మిదేండ్లు ఆడినం.”

పటేలు ఇంటి ఆడబిడ్డ, నాట్లేసిన ఆమె కొడుకుతో, నువ్వు నిలబడి నేర్చుకున్నావని అంది. అన్నది నేనే. యోసేపన్న నా వైపు చూడకుండా బిళ్ళలు బోర్లించసాగాడు. “అవు మేడం. నిలవడే నేర్చుకున్న” అన్నాడు. కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు అన్నాడు. నేను బ్యాగు తీసుకుని లేచి వచ్చేశాను.

అదే రోజు ఆట మొదలు పెట్టేముందు ఆయన ఆ రూలు చెప్పాడు, “ఒప్పుకున్నరా?” అని అడిగాడు, నేను నోరు తెరిచి “ఒప్పుకున్న” అన్నాను. గణితం చెప్పుకుని బతికే మనిషిని. ముందు కొన్ని విషయాలు ఒప్పుకుంటాం, వాటి మీద మిగిలినదంతా కడతాం, మధ్యలో వాటిని మార్చకూడదు అని పాతికేళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నదాన్ని.

మూడు వారాల తర్వాత, ఆయన్ను మరింత తప్పు పట్టడానికే, జపాను మాజాంగ్‌లో ఎక్కడ ఏ రూళ్ళు వాడతారో వివరంగా రాసిన ఒక పేజీ వెతికి చదివాను. ఒక బిళ్ళ మీద ఇద్దరు గెలిస్తే దగ్గరివాళ్ళకే ఇచ్చే పద్ధతి అందులో ఉంది. అది ఎవరో అల్లింది కాదు, పాత పద్ధతి, ఇప్పటికీ ఎన్నోచోట్ల అదే పాటిస్తారు. ఎర్ర ఐదులు లేకుండా ఆడటం ఉంది. ఏరుకున్న తేలిక చేయిని లెక్కలోకి తీసుకోకపోవడం ఉంది. మళ్ళీ పంచకపోవడం ఉంది, సున్నా కింద పడినా ఆట ఆపకపోవడం ఉంది. యోసేపన్న ప్రతి ఆదివారం గట్టిగా చెప్పిన రూళ్ళన్నీ ఒక్కటి కూడా తప్పకుండా అందులో ఉన్నాయి. నిలబడి చూసిన మనిషి ఒక్క అక్షరం పొల్లు పోకుండా నేర్చుకున్నాడు. ఫోను ముందు కూర్చుని నేర్చుకున్నదాన్ని నేనే సగం నేర్చుకున్నాను.

ఆ రోజే ఫోన్ చేయవలసింది. ఇలాంటి మాట ఫోనులో చెబితే ఏం బాగుంటుంది, ఎదురుగా కూర్చుని చెప్పాలి అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. ఒక ఆదివారం మల్యాలలో బంధువుల పెళ్ళి. ఒక ఆదివారం పరీక్షల డ్యూటీ. ఒక ఆదివారం వాన. ఏ కారణమూ లేని ఆదివారాలు కూడా ఉన్నాయి, ఆ రోజుల్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాను. ఒకసారి వేరే పని మీద కోరుట్లకే వెళ్ళి, ఆటోలో మెస్సు ముందు నుంచే పోయాను. యోసేపన్న బయట స్టూలు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తలెత్తితే చూసేవాడు. నేను కొంగు సర్దుకుంటున్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయన్ను బతికుండగా చూడటం అదే చివరిసారి. ఉల్లిగడ్డలు కోసే చేతులు చూశాను గాని ముఖం సరిగ్గా చూడలేదు.

మూడో రోజు ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. నేను మరియక్క పక్కన చేరి, ఆలస్యం చేస్తే మళ్ళీ నోరు పెగలదని, ఒక్క ఊపున చెప్పేశాను. అక్కా, ఆ రోజు యోసేపన్న చెప్పిందే సరైనది, నేను చదివి తెలుసుకున్నాను, చెప్దామని అనుకుంటూనే ఉండిపోయాను అన్నాను. ఆమె కొంగు కొసను వేళ్ళకు చుట్టుకుని, విప్పి, అప్పుడు నా వైపు తిరిగింది. ఆటలో కూడా ఆమె అంతే, బిళ్ళ పడేయడానికి తొందరపడేది కాదు.

“నీకు తెల్వదా మేడం? ఆయన గా రూలు మార్చిండు” అంది.

“ఎప్పుడు?” అన్నాను.

“నువ్వు లేచిపోయినవ్ గదా, మల్ల ఐతారమే మార్చిండు. ముగ్గురమే కూసున్నం. ఇద్దరు గెలిస్తే ఇద్దరికి ఇచ్చుడే అని చెప్పిండు. ఒప్పుకున్నరా అన్నడు. సత్తయ్య ఒప్పుకోలే, కొట్లాడిండు. ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేంది అన్నడు. ఈన ఏమన్నడో ఎర్కనా? మేడం చదువుకున్న మనిషి, ఉత్తగనే అనది. నేనే సగం చూసి ఉంట. భాష రాకపాయె, గా పెద్దసారు చెప్పింది నాకు సమజ్ కాలేదేమో అన్నడు.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “మేడంకు ఫోన్ చేసి చెప్త, రూలు మార్చిన అంటే వస్తది అన్నడు. నేనే వద్దన్న. కోపం సల్లారినంక ఆమెనే వస్తది, అప్పుడు చెప్పుదువు తియ్యి అన్న. నేను వద్దనకపోతే చేస్తుండె.”

ఆమెను ఏమని ఓదార్చను? ఆమె ఆపింది ఒక్క ఫోను. నేను ఆపుకున్నవి పద్నాలుగు ఆదివారాలు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం. ఎవరో వచ్చి తినమని పళ్ళాలు పెట్టి వెళ్ళారు.

మరణం సహజమని, ఆత్మకు శాంతి కలుగుతుందని ఇలాంటి వ్యాసాల చివర రాస్తారు. యోసేపన్న నమ్మిన దేవుడు ఆయనకు మంచి చోటే ఇస్తాడని నాకూ నమ్మకం ఉంది. ఆకలితో వచ్చిన ఏ మనిషినీ నిలబెట్టి తినిపించని చేతులవి. ఓడిపోయినవాడిని ఆట మధ్యలో లేపి పంపని మనిషి ఆయన. కోరుట్లలో మెస్సులు ఇంకా వస్తాయి, ఆదివారాలు వస్తాయి, మాకు నాలుగో మనిషి కూడా ఎవరో దొరకవచ్చు. ఆ మనిషి యోసేపన్న మాత్రం కాలేడు. ఆ లోటు తీరేది కాదని అందరితో పాటు నేనూ అంటాను.

నాకు మాత్రం దుఃఖం అంతటితో తీరదు. రెండేళ్ళు గోడకు ఆనుకుని, భాష తెలియని చోట, కళ్ళతోనే నేర్చుకున్న ఒక విద్య ఆయనది. జీవితంలో ఎవరి దయా లేకుండా, తప్పు లేకుండా సంపాదించుకున్నది. అది సగమే వచ్చిందనుకుని ఆయన వెళ్ళిపోయాడు. నేను చదువుకున్నదాన్ని కదా అని నా మాట నమ్మి వెళ్ళిపోయాడు. ఇది చదివేవారిలో ఆయన మెస్సులో తిన్నవారు ఎందరో ఉంటారు. మీ అందరి ముందు చెబుతున్నాను, ఆయనకు చెప్పలేకపోయిన మాట. యోసేపన్నా, నువ్వు పూర్తిగానే నేర్చుకున్నావు.